మేస్త్రమ్మ సద్ది

కరుణాకుమారి తన ఇంట్లో ఒక్కతే తింటుంది. పొద్దునా ఒక్కతే, రాత్రీ ఒక్కతే. అది ఆమె చేతిలో లేని సంగతి. మొగుడు తిమోతి పెళ్లయిన మూడో ఏడే విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. చర్చి వెనకవైపు రెండు గదుల ఇంట్లో, మాట్లాడదామంటే ఎదురుగా గోడ తప్ప ఇంకో మనిషి లేడు. మధ్యాహ్నం అట్లా కాదు. ఆ వేళకు ఆమె చుట్టూ ఇరవై మంది దాకా ఆడవాళ్లుంటారు. అప్పుడూ ఒక్కతే తింటుంది. ఇది మాత్రం చేజేతులా చేసుకున్నది.

బోగోలు మండలంలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక పాళెం వాళ్లది. ఆ పాళెంలో నాట్ల ముఠాకు ఆమె మేస్త్రి. ఎకరాకి ఇంతని రైతుతో మాట్లాడుకుని, దమ్ము చేసిన మడిలో దిగి నారు నాటి, వచ్చిన కూలి సమంగా పంచుకునే ఆడవాళ్ల జట్టది. మధ్యాహ్నం పని ఆపగానే అందరూ కాలవ గట్టు మీద గుండ్రంగా కూచుంటారు. క్యారేజీల మూతలు తీస్తారు. ఒకరి పప్పు ఇంకొకరి అన్నంలోకి పోతుంది, ఇంకొకరి పచ్చడి అందరి చేతుల మీదుగా తిరిగి ఖాళీ డబ్బాగా వెనక్కొస్తుంది. కరుణాకుమారి వాళ్లకు కాస్త ఎడంగా, పిలిస్తే వినపడేంత దూరంలో, మడి వైపు తిరిగి కూచుని తన సద్ది తాను తింటుంది.

దీనికి కారణం ఆదిశేషమ్మ. కరుణాకుమారి కంటే ముందు మేస్త్రి ఆమే. మనిషి చెడ్డది కాదు, మాట మంచిది, పనిలో చురుకు. కాకపోతే నాలుక రుచి మరిగిన మనిషి. ఎవరి క్యారేజీలో చేపల పులుసు ఉందో మూత తీయకముందే పసిగట్టేది. వాళ్ల పక్కన చేరి, “ఏందిమే, ఒక ముక్క ఇటు పడెయ్” అని చెయ్యి చాచేది. అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మర్నాడు పొద్దున మునాలు పంచేటప్పుడు బయటపడేది అసలు సంగతి. మడిలో ఒక్కొక్కరు నాటుకుంటూ పోవాల్సిన వరసను మునుం అంటారు. గట్టు పక్క మునుం సుఖం. అడుగున నేల గట్టిగా ఉంటుంది, నడుం పట్టేస్తే గట్టు మీద చెయ్యి ఆనించి లేవొచ్చు. మురుక్కాలవ పక్క మునుంలో మోకాళ్ల దాకా దిగబడుతుంది, జలగలు పట్టుకుంటాయి. పులుసు పెట్టిన వాళ్లకు గట్టు పక్క, మజ్జిగన్నం తెచ్చిన వాళ్లకు మురుక్కాలవ పక్క. ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ అర్థమైంది. కొందరు ఇంట్లో పిల్లలకు పెట్టకుండా చేప ముక్కలు క్యారేజీలో సర్దుకుని రావడం మొదలుపెట్టారు.

అట్లాంటి జట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒక ఏడు సరిగ్గా నాట్లు ముమ్మరంగా ఉన్నప్పుడు మడిలోనే జుట్లు పట్టుకున్నారు. ముఠా రెండు ముక్కలైంది. సగం మంది ఉంటే పెద్ద రైతులు పిలవరు, ఒక్క రోజులో నాటు అయిపోకపోతే వాళ్లకు నీళ్ల వంతు దాటిపోతుంది. ఆ సీజనంతా పులుసు వాళ్లూ మజ్జిగన్నం వాళ్లూ కలిసి ఇంట్లోనే కూచున్నారు. మస్తానయ్య అనే రైతు, పాళెంలో సగం పొలం ఆయనదే, విసుగెత్తి చెప్పేశాడు: “ఒకే జట్టుగా, ఒక మేస్త్రి కింద వస్తే రండి. లేకపోతే కోవూరు నుంచి తెప్పించుకుంటా.” అప్పుడు ఆడవాళ్లు కరుణాకుమారి గుమ్మం ముందుకొచ్చారు. ఎప్పుడూ మురుక్కాలవ పక్కనే నాటి, ఒక్కసారీ నోరెత్తనిది ఆమె ఒక్కతే. నోరెత్తలేదు గానీ ఆమె ప్రతిదీ చూసింది.

సరేనంది. మనసులో మాత్రం ఒక ఒట్టు పెట్టుకుంది. ఎవరి క్యారేజీలోనూ చెయ్యి పెట్టకూడదు. ఎవరింట్లోనూ టీ చుక్క తాగకూడదు.

మొదటి రోజే పరీక్ష వచ్చింది. పోలేరమ్మ కొలుపు ముందు రోజే అయింది, అందరి ఇళ్లలోనూ పొంగలి మిగిలింది. మధ్యాహ్నం వెంకటశేషమ్మ ఒక కొత్త స్టీలు డబ్బా పట్టుకుని కరుణాకుమారి ముందుకొచ్చి నిలబడింది. ఈ వెంకటశేషమ్మ ఒకప్పుడు పొలమున్న ఇంటి కోడలు. చుట్టూ రొయ్యల గుంటలు లేచి, ఉప్పునీళ్లు ఊరి, వాళ్ల మడి చవుడు తేలాక చీర కుచ్చెళ్లు దోపుకుని ముఠాలోకి దిగింది.

“కరుణా, పొంగలి. నీ కోసరం విడిగా తీసినా” అంది.

“వద్దక్కా. నేను తినను.”

వెంకటశేషమ్మ తీసిన మూత చేతిలో పట్టుకుని కాసేపు అట్లానే నిలబడింది. ఇంకో మాట వస్తుందేమోనని చూసినట్టుంది. రాలేదు. మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎందుకు తినదో చెప్పాలంటే ఆదిశేషమ్మ పేరెత్తాలి. ఆ ఆదిశేషమ్మ నాలుగు బారల దూరంలో, మేస్త్రి పని పోయిన సిగ్గుతో తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది. అందరి ముందూ ఆమె చెంప పగలగొట్టినట్టు అవుతుందని కరుణాకుమారి మింగేసింది. కారణం మంచిదే, కాదనడానికి లేదు. తర్వాత కొన్నాళ్లకు ఆదిశేషమ్మ కాలం చేసింది. ఇక దాచాల్సిన అవసరమే లేదు. అప్పుడైనా ఈవిడ నోరు విప్పిందా అంటే, లేదు. అప్పటికి ఆమెకు పెట్టడం అందరూ మానేశారు. పెట్టని వాళ్లకు వద్దని కారణం చెప్పడం ఏం బాగుంటుందని అనుకుంది. ఇంత ఆలోచన గల మనిషికి ఇంత చిన్న సంగతి తోచలేదు చూడండి, ఒళ్లు మండుతుంది.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. చురుకైన ఇద్దరి మధ్య నెమ్మదైన మనిషిని నిలబెట్టేది, అటూ ఇటూ వేగం చూసి ఆ మనిషి చేతులు వాటంతట అవే కదిలేవి. ముందు రోజు కుళాయి దగ్గర తగువు పడ్డ వాళ్ల మధ్య, ఆగకుండా కబుర్లు చెప్పే మనిషిని పెట్టేది. గట్టు పక్క మునుం ఈ రోజు ఒకరిదైతే రేపు ఇంకొకరిది, అడుక్కోవాల్సిన పని లేదు. నెలసరి వచ్చిన పిల్ల, వేవిళ్లున్న పిల్ల నోరు తెరిచి చెప్పకముందే నారుకట్టలు విసిరే పని వాళ్లకు పడేది. మురుక్కాలవ పక్క మునుం మాత్రం రోజూ మేస్త్రిదే. ఎవరినైనా కేకలెయ్యాల్సి వస్తే పదిమందిలో వేసేది కాదు. సాయంత్రం వాళ్ల గుమ్మం దాకా పోయి, నిలబడే నాలుగు మాటలు చెప్పి, కుర్చీ వేసినా కూచోకుండా తిరిగొచ్చేది. క్రిస్మస్‌కి ఇంటింటికీ ఒకే లెక్కన అరిసెలు పంపేది. ముఠా మళ్లీ చీలలేదు. కావలి నుంచి, అల్లూరు నుంచి కూడా రైతులు ఫోన్లు చేసి మరీ పిలిచేవాళ్లు.

ఇదంతా బాగానే ఉంది. కానీ తీర్పు చెప్పే మనిషి పక్కన ఎవరు మనసు విప్పుతారు? ఆమె దగ్గరికొస్తే మాటలు ఆగిపోయేవి. ఎవరి మొగుడు తాగాడో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, అన్నీ ఆమెకు ఆఖరున తెలిసేవి. మడి వైపు తిరిగి తింటూ వెనకనుంచి వచ్చే నవ్వులు వినేది. ఏ నవ్వు ఎవరిదో చెప్పగలదు. ఎందుకు నవ్వారో మాత్రం ఏనాడూ తెలియదు. ఒకసారి అందరూ పడీపడీ నవ్వుతుంటే ఉండబట్టలేక తిరిగి, “ఏందిమే అది?” అని అడిగింది. “ఏం లేదక్కా, ఊరికే” అని అందరూ సర్దుకుని కూచున్నారు. తన మూలంగా నవ్వు ఆగిపోయిందని ఆ రోజంతా బాధపడింది. మళ్లీ అడగలేదు.

గడిచిన వానాకాలంలో ఆమె మోకాళ్లు మొండికేశాయి. కావలిలో డాక్టరు ఫోటోలు తీసి, బురదలో వంగి నాటే పని ఇక పూర్తిగా మానెయ్యాలన్నాడు. గట్టు మీద కూచుని నారుకట్టలు కట్టుకోవచ్చు, అంతే. మడిలో దిగని మనిషి మేస్త్రిగా ఉండకూడదని ఆమెకు ఆమే అనుకుంది. పాళెంలో అందరూ అయ్యో అన్నారు. ఆమె కూడా ముఖం చిన్నది చేసుకుంది గానీ, లోపల ఒక మూల సంతోషం ఉబికింది. మేస్త్రి కాకపోతే ఒట్టూ లేదు. గట్టు మీద ఆ గుండ్రంలో తనూ కూచోవచ్చు. ఇంకొకరి పచ్చడి వేసుకోవచ్చు, తన కూర ఇంకొకరికి వెయ్యవచ్చు. ఈ ఆశ ఎవరికీ చెప్పలేదు. కావలి బజారులో బస్సుకి ఇంకా టైముంటే, స్టీలు సామాన్ల కొట్లో పెద్ద క్యారేజీ ఒకటి కొనుక్కుంది. ఒక్క మనిషికి అంత క్యారేజీ ఎందుకని కొట్టువాడు అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో మాత్రం సిద్ధం చేసుకుంది.

నాట్లు మొదలయ్యే ముందు మండలంలో ఒక శిక్షణ పెట్టారు. నాట్ల ముఠాలను సంఘాలుగా రాయించుకుని, కలిసికట్టుగా పనిచేసే పద్ధతులూ నాయకత్వమూ చెప్పి, తర్వాత నాటే మిషను ఇప్పిస్తారట. ముఠా మొత్తం రెండు ఆటోల్లో కుక్కుకుని పోయింది. చెప్పడానికి నెల్లూరు నుంచి వాణి అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, గొంతు గట్టిది, ఊరికే నవ్వే రకం కాదు. పాత పేపర్లిచ్చి గోపురాలు కట్టించింది. కళ్లకు గంతలు కట్టి ఒకరి మాట విని ఇంకొకరు నడవాలంది. ఆడవాళ్లు మొదట సిగ్గుపడి, తర్వాత పిల్లల్లా ఎగబడ్డారు.

పదకొండు దాటాక కొత్త నాయకురాలిని ఎన్నుకోమంది. కరుణాకుమారి లేచి భానుప్రియ పేరు చెప్పింది. భానుప్రియకు ఇంకా నలభై రాలేదు. చెయ్యి చురుకు, కోపం ఎక్కువ, అది చల్లారడం కూడా అంతే తొందర. అందరూ చేతులెత్తారు. దాంతో కరుణాకుమారి మేస్త్రి పని అయిపోయింది. ఇంత తేలిగ్గా అయిపోతుందని ఆమె అనుకోలేదు. కుర్చీలో కూచుని కాసేపు తన చేతులు తాను చూసుకుంది.

అప్పుడు వాణి ఒక ఊలు ఉండ తీసింది. అందరినీ గుండ్రంగా కూచోబెట్టింది. దారం కొస చేతిలో పట్టుకుని ఉండను జట్టులో ఎవరికైనా విసరాలి. విసిరేటప్పుడు, ఆ మనిషికి ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుని చెప్పని మాట ఒకటి చెప్పాలి. నారుకట్టలు విసిరీ విసిరీ గురి కుదిరిన చేతులు కదా, ఉండ ఒక్కసారి కూడా కింద పడలేదు. మాటలు కూడా బాగానే వచ్చాయి. ‘నువ్వు ఇచ్చిన చీరే నా పెళ్లి చీరల్లో బాగుండాది’ అని ఒకతె, ‘మా ఆయన్ను ఆస్పత్రికి తీసకపోయిన రోజు నువ్వు లేకపోతే ఏమయ్యేదో’ అని ఒకతె. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఉండ భానుప్రియ చేతికొచ్చింది. ఆమె దాన్ని కరుణాకుమారికి విసిరింది.

“మా అక్క వాళ్ల దేవుడి నియమం ప్రకారం మా సద్ది ముట్టదు. మేము పొంగళ్లూ ప్రసాదాలూ తినేటోళ్లం కదా. కొత్తగా వచ్చిన పిల్లలకు కూడా మేమే ముందు చెప్తాం, అక్కకు పెట్టబాకండి, ఇబ్బంది పడుద్ది అని. ముట్టకపోయినా అక్క మమ్మల్ని ఏనాడూ తక్కువగా చూడలా. అది నాకు గొప్ప” అంది.

కరుణాకుమారికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నియమమా? చర్చిలో ఆమె పక్కన కూచునే వాళ్లు సగం మంది పండగలకు ఊళ్లో అందరిళ్లలోనూ తినే వాళ్లే. ఉండ చేతిలో పట్టుకుని ఏదో అనబోయింది. అంతలో ఎదురుగా వెంకటశేషమ్మ గొంతు వినపడింది. ఆమె వంతు కాదు, ఉండ ఆమె దగ్గర లేదు.

“నియమం కాదులే భానూ. అది మా ఇంటి సంగతి” అంది. కరుణాకుమారి వైపు చూడకుండా, ఒళ్లో దారం వైపు చూస్తూ చెప్పుకుపోయింది. “ఈమె పెళ్లయి వచ్చిన కొత్తల్లో మా చేలో పనికొచ్చింది. దాహమని మా వాకిట్లోకొస్తే నేను గ్లాసుతో నీళ్లు తెచ్చినా. మా అత్త ఆ గ్లాసు నా చేతిలోంచి తీసి గూట్లో పెట్టి, చెంబుతో పైనుంచి ఈమె దోసిట్లో పోసింది. నేను ఆడనే నిలబడి ఉండా. ఒక్క మాట అనలా. మా పొలం పోయి నేను కూలికొచ్చినాక, ఈమె మేస్త్రి అయిన రోజు పొంగలి తీసకపోయినా. కొత్త డబ్బా కొని, దాంట్లో పెట్టుకుని తీసకపోయినా. తినను అనింది. ఇంకేం అడిగేది? మా ఇంటి కూడు ఎందుకు తింటాదిలే అనుకుంటి.”

“అది కాదక్కా” అంది కరుణాకుమారి. అంతకంటే ముందుకు పోవడానికి ఆమెకు చాలా కష్టమైంది. “ఆదిశేషమ్మక్క అప్పుడు పులుసు తిని మునాలు పంచేది, అందరికీ తెలిసిందే కదా. నేను కూడా ఎవరి క్యారేజీలో చెయ్యి పెట్టినా, మర్నాడు నా చెయ్యి వాళ్ల వైపే పోతాదని భయపడినా. అందుకని ఎవురిదీ తినలా. ఆ రోజు ఆమె పక్కనే ఉండింది, చెప్పలేకపోతి.”

“ఇదా?” అంది భానుప్రియ.

వాణి తెలివైన అమ్మాయి. దీంట్లోంచి పాఠం తీసి బోర్డు మీద రాయలేదు. మెల్లగా అందరి చేతుల్లోంచి దారం చుట్టుకుంటూ వచ్చి, “భోజనాలు చేద్దాం రండి” అంది. పులిహోర పొట్లాలు ఇచ్చారు. ఎవరి పొట్లం వాళ్లది, వరసగా కుర్చీలు. వెంకటశేషమ్మ ఆ చివర కూచుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరి మోకాళ్లూ తగులుతూనే ఉన్నాయి, మాట మాత్రం లేదు. తన ఇంటి మలుపు దగ్గర వెంకటశేషమ్మ దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కరుణాకుమారి పొయ్యి వెలిగించలేదు. అరుగు మీద కూచుంది. ఆ నీళ్లు ఆమెకు గుర్తు లేకేం కాదు. అట్లా పోసిన వాకిళ్లు ఎన్నో ఉన్నాయి. అందులో వెంకటశేషమ్మ వాకిలి ఏదో విడదీసి గుర్తుపెట్టుకోలేదంతే. గ్లాసు తెచ్చిన చెయ్యి ఒకటి ఆ వాకిట్లో ఉందని ఈ రోజే తెలిసింది. ఆమెకు కోపం వచ్చింది. వెంకటశేషమ్మ మీద వచ్చింది, ఇంత బరువు పెట్టుకుని పక్క మునుంలో వంగి ఇన్నేళ్లు నాటింది గానీ ఒక్క మాట అడగలేకపోయిందే అని. ఇన్నేళ్లు పగ పట్టే మనిషిలా కనపడ్డానా అని ఏడుపు కూడా వచ్చింది. ఆఖరికి ఆ కోపమంతా తన మీదికే తిరిగింది. తను న్యాయం అనుకుని వీపు తిప్పి కూచుంటే, వెనక ఒకరు దాన్ని దేవుడి నియమమనుకున్నారు, ఒకరు శిక్ష అనుకున్నారు. అడ్డం వస్తామేమోనని అందరూ పక్కకు జరిగి నిలబడ్డారు. ఇటు ఆమె మర్యాద, అటు వాళ్ల మర్యాద. మధ్యలో ఇన్ని మధ్యాహ్నాలు పాడైపోయాయి.

మర్నాడు మస్తానయ్య మడిలో నాటు. పొద్దున భానుప్రియ మునాలు పంచింది. ఒక్కొక్క పేరు పిలిచినప్పుడల్లా గట్టు మీదికి ఒక చూపు చూసింది, సరేనా అన్నట్టు. కరుణాకుమారి తలెత్తకుండా నారుకట్టలు కట్టుకుంది. చూస్తే తలాడిస్తుంది, తలాడిస్తే ఆ పిల్ల రేపు కూడా చూస్తుంది. మూడో కట్ట దగ్గర భానుప్రియ చూడటం మానేసింది. మంచిదే అనుకుంది గానీ, నాలుగో కట్ట రెండుసార్లు కట్టాల్సి వచ్చింది.

మధ్యాహ్నమైంది. ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని గట్టెక్కారు. కరుణాకుమారి కొత్త క్యారేజీ తీసుకుని వాళ్ల దగ్గరికి నడిచింది. వంకాయ కూర చేసింది, అందరికీ వచ్చేలా. ఆమె వస్తుంటే మాటలు ఆగిపోయాయి. అందరూ జరిగి చోటిచ్చారు. ఒక్క మనిషికి అంత చోటు అక్కర్లేదు. చుట్టమొచ్చినప్పుడు మంచం మొత్తం వదిలేసి లేచినట్టు లేచారు. ఒకతె తన గోతంపట్ట తీసి పరిచింది. కూచుంది. కూర తలా కొంచెం వేసింది. “బాగుందక్కా”, “బాగుందక్కా” అని వరసగా అన్నారు. తర్వాత ఎవరి గిన్నెలోకి వాళ్లు చూసుకుంటూ తిన్నారు. ఇన్నేళ్లూ ఆమె వీపు వెనక వినపడిన నవ్వులేవీ లేవు. తను లేకుండా వాళ్లు ఎంత హాయిగా ఉండేవాళ్లో ఆమెకు ఇప్పుడే బాగా తెలిసింది. వెంకటశేషమ్మ ఎదురుగా కూచుని అన్నం కెలుకుతోంది.

ఒంటరిగా తినే వాళ్లు తొందరగా తింటారు. మధ్యలో మాట్లాడే పని ఉండదు, ఎవరికోసం ఆగే పని ఉండదు. కరుణాకుమారి గిన్నె ఖాళీ అయ్యేసరికి మిగిలిన వాళ్లు సగంలో ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక, అలవాటున లేచి నిలబడింది.

ఇన్నేళ్లుగా అదే గుర్తు. మేస్త్రమ్మ లేచిందంటే సద్ది అయిపోయినట్టే, మడిలోకి దిగాల్సిందే. ఇరవై చేతులూ ఒక్కసారే మూతల కోసం వెతుక్కున్నాయి. నోట్లో ముద్ద ఉన్నవాళ్లు గబగబా మింగారు. అందరికంటే ముందు భానుప్రియే డబ్బా మూసింది. వాళ్లంతా సగం సగం అన్నాలకు మూతలు పెట్టుకుంటూ లేవబోతుంటే, కరుణాకుమారి నిలబడ్డ చోట నిలబడిపోయింది. ఇంక ఈ గుండ్రంలో తనకు ఎప్పటికీ చోటు ఉండదని, ఉన్నా అది గోతంపట్ట పరిచిన చోటే అవుతుందని అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“తినండమ్మా” అంది. “నేను కాదు కదా ఇప్పుడు.”

లేవాలో కూచోవాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెంకటశేషమ్మ ఒక్కతే మూత పెట్టలేదు. ఆమె డబ్బాతో సహా ఇటు జరిగి వచ్చి, కరుణాకుమారి చీర అంచు పట్టుకుని కిందికి లాగింది. ఊరికే లాగలేదు, గట్టిగానే లాగింది.

“కూచో. ఎప్పుడు లెయ్యాలో భాను చెప్తాది.”

కరుణాకుమారి కూచుంది. మోకాళ్లు నొప్పెట్టాయి. వెంకటశేషమ్మ తన డబ్బాలోంచి పులుసు కలిపిన అన్నం పెద్ద ముద్ద తీసి ఆమె గిన్నెలో పెట్టింది. తన చేత్తోనే, తను తింటున్న దాంట్లోంచే. పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా గిన్నె అంచు మీదనే ఉంచింది.

కరుణాకుమారి తింది. అప్పటికే కడుపు నిండి ఉంది, అయినా తింది. అందరూ చూస్తున్నారు.

“ఎట్లుండాది?” అంది వెంకటశేషమ్మ.

“ఉప్పు సరిపోలేదక్కా.”

భానుప్రియ ఫక్కున నవ్వింది. “నేను రోజూ చెప్తూనే ఉండా, ఆమె వింటేనా” అంది. ఇంకొకతె అందుకుంది, ఉప్పు వెయ్యని ఆ పులుసుకి వెంకటశేషమ్మ కొడుకు పెట్టిన పేరేందో చెప్పింది. నవ్వులు లేచాయి. మూతలు మళ్లీ తెరుచుకున్నాయి. వెంకటశేషమ్మ నవ్వలేదు. ఇంకో ముద్ద కలుపుతూ, కరుణాకుమారికి ఒక్కతికే వినపడేట్టు అంది:

“తింటావని తెలిసుంటే రోజూ ఒక ముద్ద ఎక్కువ తెచ్చుందును కదా.”

కరుణాకుమారి గిన్నె ముందుకు జరిపింది. ఈసారి నెమ్మదిగా తింది, పక్కవాళ్ల చేతులు చూసుకుంటూ, వాళ్లు ఆగితే తనూ ఆగుతూ. కాసేపటికి భానుప్రియ లేచి చేతులు కడుక్కుంది. ఒక్కొక్కరే లేచి మడి వైపు నడిచారు. ఆ రోజు గట్టు మీదనుంచి అందరికన్నా ఆఖరున లేచింది కరుణాకుమారి.